ఇంటికి ఎస్ప్రెస్సో మెషీన్ ఎలా ఎంచుకోవాలి: ముందు కప్పులు, తర్వాత గ్రైండర్, ఆఖరున మెషీన్

ఎస్ప్రెస్సో మెషీన్ కొనేవాళ్లు చాలామంది పెట్టె మీద రాసిన బార్ల (ఒత్తిడి కొలత) సంఖ్య చూసి మొదలుపెడతారు. 15 బార్ కన్నా 20 బార్ మంచిదనుకుని ఉన్న డబ్బంతా మెషీన్ మీద పెట్టేస్తారు. చివరికి మిగిలిన కొద్దిపాటితో గ్రైండర్ కొంటారు, లేదా మిక్సీలో గింజలు తిప్పుకుంటారు. నెల తిరిగేసరికి మెషీన్ మీద బట్ట కప్పి మళ్లీ పాత స్టీలు ఫిల్టర్ బయటికి తీస్తారు. తప్పు మెషీన్‌ది కాదు, ఎంచుకున్న వరసది. ఆ వరసను తిరగేయండి.

కప్పులు లెక్కపెట్టండి

పొద్దున్న హడావిడిలో మీ ఇంట్లో ఎన్ని కప్పులు కావాలి? వాటిలో పాలు కలిపినవి ఎన్ని? ఈ రెండు సంఖ్యలు కాగితం మీద రాసుకోండి. మిగతా నిర్ణయాల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

లెక్కకు పనికొచ్చే కొలత ఇది: ఒక డబుల్ షాట్‌కు, అంటే రెండింతల ఎస్ప్రెస్సో మోతాదుకు, 18 గ్రాముల పొడి, కప్పులోకి దిగేది 36 గ్రాముల కాఫీ, పట్టే సమయం 25 నుంచి 30 సెకన్లు. దానికి 120 మి.లీ. పాలు కలిపితే ఒకరికి చిక్కటి కాఫీ. రోజుకు రెండు డబుల్ షాట్లంటే 36 గ్రాములు, నెలకు కిలో పైనే గింజలు. 250 గ్రాముల ప్యాకెట్ వారం రోజులు వస్తుంది. ఈ నెలవారీ ఖర్చు మీకు సమ్మతమేనా అన్నది మెషీన్ ధర చూసే ముందే తేల్చుకోండి.

ఇంకో సంగతి. మీకు కావలసింది చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ రుచే అయితే ఎస్ప్రెస్సో మెషీన్ దాన్ని ఇవ్వదు. ఎస్ప్రెస్సో అంటే ఇంకాస్త చిక్కటి డికాక్షన్ అనుకోవద్దు, దాని రుచే వేరు. చికోరీ పొడి నీటిని పట్టి ఉంచి బాస్కెట్‌లో (పొడి వేసే చిల్లుల గిన్నెలో) ధారను అడ్డుకుంటుంది కాబట్టి ఆ పొడిని ఇందులో వేయడం కూడా కుదరదు. ఫిల్టర్ కాఫీ ప్రాణమైన ఇంట్లో మంచి గ్రైండర్ ఒక్కటి కొని తాజాగా ఆడించిన పొడితో డికాక్షన్ తీసుకోవడమే సరైన ఖర్చు.

గ్రైండర్‌కు ముందు డబ్బు పక్కన పెట్టండి

బాస్కెట్‌లో నొక్కిన పొడి గుండా నీటిని 9 బార్ల ఒత్తిడితో తోస్తాం. ఆ నీటికి ఎదురు నిలిచేది పొడి ఒక్కటే. పొడి కొంచెం బరకగా ఉన్నా నీళ్లు 12 సెకన్లలో జారిపోయి కాఫీ పుల్లగా, పలచగా వస్తుంది. మరీ మెత్తనైతే చుక్కలు చుక్కలుగా కారి చేదెక్కుతుంది. ఈ రెంటికీ మధ్య తేడా మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. అందుకే మిక్సీ పనికిరాదు. బ్లేడు గింజలను నూరదు, ముక్కలు చేస్తుంది. ఒకే గిన్నెలో పిండిలాంటి ధూళి, రవ్వలాంటి పలుకులు కలిసి ఉంటాయి. ధూళి రంధ్రాలను పూడ్చేస్తుంది, పలుకుల చుట్టూ నీళ్లు జారిపోతాయి, ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగులుతాయి.

మొత్తం బడ్జెట్‌లో 40 శాతం దాకా గ్రైండర్‌కు కేటాయించమనేది మా సలహా. మెషీన్ ఒక మెట్టు తక్కువదైనా ఫర్వాలేదు, గ్రైండర్ విషయంలో రాజీపడితే ఆ లోటును ఏ మెషీనూ పూడ్చలేదు.

గ్రైండర్‌లో చూడాల్సింది నొక్కుల, అంటే మెత్తదనం మార్చే చక్రం మీది క్లిక్‌ల, మధ్య దూరం. ఒక నొక్కు తిప్పితే షాట్ సమయం మూడు నాలుగు సెకన్లు మారాలి. ఒక నొక్కుకు 18 సెకన్లు, పక్క నొక్కుకు 40 సెకన్లు వస్తుంటే అది డ్రిప్, ఫ్రెంచ్ ప్రెస్‌లకు తయారైన గ్రైండర్. 'ఎస్ప్రెస్సోకు కూడా పనికొస్తుంది' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. చేతి గ్రైండర్లలో కిన్‌గ్రైండర్ కె6, టైమ్‌మోర్ సి3 ఈఎస్‌పీ, వన్‌జెడ్‌ప్రెస్సో జె వరస ఎస్ప్రెస్సోకు సరిపడా సన్నటి నొక్కులున్నవి. కరెంటువాటిలో బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్‌పీ, డీఎఫ్54, యురేకా మిన్యోన్ వరస చూడవచ్చు.

చేతి గ్రైండర్ అదే ధర కరెంటు గ్రైండర్ కన్నా మెరుగ్గా ఆడిస్తుంది. కానీ 48 మి.మీ. బర్‌లు (గింజలు నూరే పళ్ల చక్రాలు) ఉన్నదానితో కూడా 18 గ్రాములకు నిమిషం దాకా పడుతుంది, చిన్న బర్‌లైతే రెండు నిమిషాలు. రోజుకు ఒకటి రెండు షాట్లయితే హాయిగా గడిచిపోతుంది. స్కూలు బస్సు వచ్చేలోపు నలుగురికి కాఫీ కావాలంటే మాత్రం కరెంటు గ్రైండరే తీసుకోండి.

నీళ్లు ఎలా కాగుతాయో చూసి రకం తేల్చుకోండి

కాఫీ దించడానికి నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలి. పాలకు కావలసిన ఆవిరికి 120 డిగ్రీల పైన ఉండాలి. ఒకే మెషీన్ ఈ రెండు వేడులనూ ఎలా అందిస్తుందన్నదే అసలు తేడా. ధర ఎక్కువగా పెరిగేది కూడా ఇక్కడే.

థర్మోబ్లాక్ మెషీన్లలో బాయిలర్ ఉండదు. వేడెక్కిన లోహపు దిమ్మెలోని సన్నటి గొట్టం గుండా నీళ్లు వెళుతూ కాగుతాయి. డెలోంగీ డెడికా, బ్రెవిల్ బాంబినో ఈ కోవలోవే. బాంబినో మూడు సెకన్లలో సిద్ధమవుతుంది. అయితే సిద్ధమైంది లోపలి హీటరే, మీ చేతిలోని పోర్టాఫిల్టర్ (బాస్కెట్ కూర్చునే పిడి) ఇంకా చల్లగానే ఉంటుంది. పొడి వేయకుండా ఒకసారి వేడినీళ్లు దించి పోర్టాఫిల్టర్‌నీ కప్పునూ వెచ్చబెట్టకపోతే మొదటి షాట్ పుల్లగా వస్తుంది. ఒకరిద్దరున్న ఇంటికి, పొద్దున్న తొందరలో తాగేవాళ్లకు ఈ రకం చాలు.

సింగిల్ బాయిలర్ మెషీన్లలో గాజియా క్లాసిక్, రాన్చిలియో సిల్వియా ఏళ్ల తరబడి నిలబడినవి. ఇత్తడి, లోహపు భాగాలు గట్టివి, ఏ ముక్క పాడైనా విప్పి మార్చుకోవచ్చు. ఒకే బాయిలర్ కాబట్టి ముందు షాట్ దించి, ఆవిరి మీట నొక్కి, అర నిమిషమో నిమిషమో ఆగి పాలు కాచాలి. తర్వాతి షాట్‌కు ముందు కాస్త నీళ్లు వదిలి బాయిలర్‌ను మళ్లీ చల్లబరచాలి. ఆ పని మరిచిపోతే మరుగునీళ్లు పొడి మీద పడి కాఫీ మాడిన చేదు వస్తుంది. రెండు పాల కాఫీలకు ఇది ఓపిక పట్టదగ్గ పనే. నాలుగైతే ఆఖరి కప్పు వచ్చేసరికి మొదటిది చల్లారిపోతుంది. వేడెక్కడానికి కూడా గాజియాకు 10 నుంచి 15 నిమిషాలు, సిల్వియాకు దాదాపు అరగంట ఇవ్వాలి. సిద్ధమైనట్టు దీపం ముందే వెలుగుతుంది కానీ బరువైన ఇత్తడి గ్రూప్ (పోర్టాఫిల్టర్ బిగించే భాగం) అప్పటికి వేడెక్కదు. వీటికి పీఐడీ అనే వేడి నియంత్రణ ఉంటే ప్రతి షాట్‌కూ ఒకే వేడి దక్కుతుంది. వేడిలో ఊగిసలాట పోవడానికి పెట్టే డబ్బు వృథా కాదు.

హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఒకే పెద్ద బాయిలర్ ఎప్పుడూ ఆవిరి వేడిలో ఉంటుంది, కాఫీ నీళ్లు దానిలోంచి పోయే గొట్టంలో కాగి వస్తాయి. డబుల్ బాయిలర్‌లో రెంటికీ వేర్వేరు బాయిలర్లు. రెంటిలోనూ షాట్ దిగుతుండగానే పాలు కాచుకోవచ్చు. పొద్దున్నే నాలుగు, అంతకు మించి పాల కాఫీలు కావలసిన ఇంటికి తగినవి ఇవే. చాలాసేపు ఆడకుండా ఉన్న హీట్ ఎక్స్ఛేంజర్‌లో నీళ్లు అతిగా కాగి ఉంటాయి, షాట్‌కు ముందు బుసబుస ఆగేదాకా కాసిన్ని వదలాలి.

బటన్ నొక్కితే గింజలు ఆడించి కాఫీ పోసే పూర్తి ఆటోమేటిక్‌లు వేరే జాతి. ఎవరు నొక్కినా ఒకేలా వస్తుంది, నేర్చుకోవాల్సిన పనిలేదు. కానీ కాఫీ చిక్కదనం చేత్తో చేసినదానికి తూగదు. పాల గొట్టాలు రోజూ కడగకపోతే మన ఎండల్లో ఒక్క పూటకే పులిసిన వాసన పట్టుకుంటుంది. కరెంటు లేని ఫ్లెయిర్, క్యాఫెలాట్ రోబో లాంటి చేతి లివర్లు పాలు వద్దనుకునేవాళ్లకు మంచి బేరం. వాటిలో ఒత్తిడి మీ చేతులదే, విరిగే పంపు, కాలే హీటరు ఉండవు.

ఇక చౌకగా దొరికే 800 వాట్ల, గాజు పాత్రలోకి నాలుగు కప్పులు దించే మెషీన్లు. వాటిలో పంపు ఉండదు, ఆవిరి ఒత్తిడితోనే నీళ్లు పైకి ఎక్కుతాయి. మరిగే నీళ్లు, చాలని ఒత్తిడి కలిసి మోకా పాట్ (స్టవ్ మీద పెట్టే కాఫీ పాత్ర) లాంటి కాఫీ వస్తుంది. ఆ కాఫీ నచ్చితే మోకా పాటే కొనుక్కోండి, పాడవడానికి అందులో ఏమీ లేదు.

బాస్కెట్‌ను వెలుతురుకు పట్టి చూడండి

పెట్టె మీది 15, 20 బార్లు పంపు నెట్టగలిగే గరిష్ఠ ఒత్తిడి, కాఫీకి కావలసింది కాదు. 1961లో ఫాయెమా ఇ61 అనే మెషీన్ మోటారు పంపుతో వచ్చినప్పటి నుంచి ఎస్ప్రెస్సోకు 9 బార్లే కొలమానంగా నిలిచింది. ఒత్తిడి 12 బార్లు దాటితే నీళ్లు పొడిలో బలహీనంగా ఉన్న చోట చీలిక చేసుకుని అటుగా దూసుకుపోతాయి. కాబట్టి దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: లోపలి ఒత్తిడి వాల్వ్ ఎన్ని బార్ల దగ్గర తెరుచుకుంటుంది? 9 అన్నా, 9కి తగ్గించుకోవచ్చన్నా సరే.

మెషీన్‌తో వచ్చిన బాస్కెట్‌ను వెలుతురుకు పట్టండి. అడుగంతా జల్లెడలా వందల రంధ్రాల్లోంచి వెలుగు వస్తే అది మామూలు బాస్కెట్. లోపల రంధ్రాలు కనిపిస్తూ బయట అడుగున గుండుసూది మొనంత ఒక్కటే రంధ్రం ఉంటే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్. దానిలో ఒత్తిడి పుట్టించేది ఆ రంధ్రమే, పొడి కాదు. దుకాణంలో ఆడించిన పొడితో కూడా పైకి నురగ వస్తుంది కానీ అది గాలి కొట్టిన నురగ, క్రెమా (అసలు ఎస్ప్రెస్సో మీద కట్టే నురగ) కాదు. కొత్తలో దానితో సర్దుకోవచ్చు. అదే మెషీన్‌కు మామూలు బాస్కెట్ విడిగా దొరుకుతుందా అన్నది మాత్రం కొనేముందే తేల్చుకోండి. దొరకకపోతే మంచి గ్రైండర్ కొన్నా ఫలితం ఉండదు.

పోర్టాఫిల్టర్ వ్యాసం కూడా చూసుకోండి. గాజియా క్లాసిక్, సిల్వియా, ఇ61 గ్రూప్‌లది 58 మి.మీ. ఇంటి బ్రెవిల్‌లు చాలావరకు 54, డెడికా 51. 58కి బాస్కెట్లు, పొడిని నొక్కే ట్యాంపర్లు, రబ్బరు గ్యాస్కెట్లు అన్నిచోట్లా దొరుకుతాయి. మిగతావి ఆయా కంపెనీ మీదే ఎక్కువగా ఆధారపడతాయి.

త్రీవే సోలెనాయిడ్ వాల్వ్ ఉందో లేదో అడగండి. అది ఉంటే పంపు ఆగగానే మిగిలిన ఒత్తిడి పక్క గొట్టం గుండా ట్రేలోకి పోతుంది, పొడి గట్టి బిళ్లలా ఊడి వస్తుంది. లేని మెషీన్‌లో షాట్ అయిన వెంటనే పోర్టాఫిల్టర్ తిప్పితే వేడి పొడి ఫట్‌మని ముఖాన చిందుతుంది. ఒక నిమిషం ఆగి తీయాలి. రంధ్రాల్లేని మూత బాస్కెట్ పెట్టి శుభ్రం చేసే పొడితో గ్రూప్‌ను లోపల కడిగే బ్యాక్‌ఫ్లష్ కూడా ఈ వాల్వ్ ఉన్నవాటికే.

ప్లగ్ పాయింట్, వోల్టేజి

మెషీన్ వెనక అంటించిన పలక మీద వాట్లు చూడండి. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల పాయింట్ మోయగలిగేది 1,380 వాట్లు. చాలా మెషీన్లు 1,300 నుంచి 1,600 వాట్ల మధ్య ఉంటాయి. కాబట్టి గీజర్‌కు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల పాయింటే ఇవ్వండి, ఎర్తింగ్ తప్పనిసరి. దిగుమతి మెషీన్లకు గుండ్రటి రెండు పుల్లల యూరప్ ప్లగ్ ఉంటే వదులుగా కూర్చునే యూనివర్సల్ అడాప్టర్ వాడొద్దు, అతుకు వేడెక్కి కరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌తో మంచి 16 ఆంపియర్ల ప్లగ్ టాప్ వేయించుకోవడం మేలు. అయితే వైరు కోస్తే వారంటీ పోతుందేమో ముందు అడగండి. మామూలు ఇంటి ఇన్వర్టర్ ఈ లోడును మోయలేదు.

అమెరికా నుంచి తెచ్చుకోవాలనుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడి మెషీన్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌వి. నేరుగా గుచ్చితే మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. 1,500 వాట్ల మెషీన్‌కు కనీసం 2,000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది వోల్టేజిని తగ్గిస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు. సెకనుకు 60 సార్లు కొట్టుకోవాల్సిన వైబ్రేషన్ పంపు ఇక్కడ 50 సార్లే కొట్టుకుంటుంది, ధార మారిపోతుంది. ఇంతా చేసి దానికి ఇక్కడ వారంటీ ఉండదు. సామానులో చోటుంటే గ్రైండర్ తెచ్చుకోండి, అందులోనూ చేతి గ్రైండరైతే ఏ కరెంటు గొడవా లేదు. బ్రిటన్, దుబాయ్, సింగపూర్, ఆస్ట్రేలియాల కరెంటు మనదానితో కలుస్తుంది, ప్లగ్ మారిస్తే చాలు.

ఏ నీళ్లు పోస్తారు?

మీ గీజర్ హీటర్ మీద తెల్లటి పెచ్చు కడుతోందంటే ఆ బోరు నీళ్లే మెషీన్‌లో పోస్తే అదే పెచ్చు అంతకన్నా సన్నటి గొట్టాల్లో కడుతుంది. ముందు ధార సన్నబడుతుంది, తర్వాత ఆవిరి బలహీనపడుతుంది, చివరికి వాల్వ్ బిగుసుకుపోతుంది. బోరు నీళ్లు నేరుగా పోయవద్దు.

అలాగని టీడీఎస్ (నీటిలో కరిగిన ఖనిజాల లెక్క) 10, 20కి దించిన ఆర్వో నీళ్లు కూడా మంచివి కావు. ఖనిజాలు లేని నీళ్లలో కాఫీ చప్పగా దిగుతుంది. పెద్ద బాయిలర్ ఉన్న మెషీన్లు నీటి మట్టాన్ని కరెంటు ప్రవాహంతో కనిపెడతాయి. మరీ శుద్ధమైన నీళ్లు కరెంటును పోనివ్వవు కాబట్టి బాయిలర్ నిండినా నిండలేదనుకుని పంపు ఆడుతూనే ఉంటుంది. ఆర్వోకు టీడీఎస్ మర వుంటే 75 నుంచి 150 మధ్య పెట్టుకోండి. బోరు కలిపి ఆ అంకె తేవడం కన్నా మున్సిపల్ నీళ్లే ఆర్వోకు వెళుతుంటే మేలు. ఇంకా పక్కాగా కావాలంటే డిస్టిల్డ్ నీళ్లలో లీటరుకు 100 మి.గ్రా. ఆహారానికి వాడదగిన పొటాషియం బైకార్బనేట్ కలపండి, పెచ్చు కట్టదు, రుచి నిలుస్తుంది. పది లీటర్లకు ఒక గ్రాము తూచి కలిపితే తూకం తేలిక. బ్యాటరీ కోసం అమ్మే డిస్టిల్డ్ నీళ్లు తాగడానికి కావు, అవి వాడొద్దు.

చోటు కొలవండి, విడిభాగాలు అడగండి

వంటగట్టు మీద నుంచి పై అలమర అడుగుదాకా ఎత్తు కొలవండి. మెషీన్ ఎత్తు పట్టినంత మాత్రాన చాలదు, నీళ్ల ట్యాంక్ పైకి లాగాలా, వెనక నుంచి తీయాలా చూడాలి. స్టవ్ పక్కన పెడితే తాలింపు జిడ్డు పట్టుకుంటుంది. వెచ్చగా, తడిగా ఉండే చోటంటే బొద్దింకలకు ఇష్టం, కాబట్టి డ్రిప్ ట్రే ప్రతి రాత్రీ కడిగి ఆరబెట్టగలిగేలా చోటుండాలి.

డబ్బు కట్టేముందు మూడు ముక్కలు మన దేశంలో దొరుకుతాయా అని రాతపూర్వకంగా అడగండి: గ్రూప్ గ్యాస్కెట్, పంపు, సోలెనాయిడ్ వాల్వ్. గ్యాస్కెట్ ఏడాది, రెండేళ్లలో వేడికి గట్టిపడి అంచుల నుంచి నీళ్లు కారుతాయి, అది అరిగే వస్తువే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో సర్వీసు మనిషి ఇంటికి వస్తాడా, లేక పెట్టె కట్టి వేరే ఊరికి పంపాలా అన్నది కూడా ధరలో భాగమే. మెషీన్ అట్టపెట్టె మాత్రం పారేయకండి.

మెషీన్, గ్రైండర్‌తో పాటు 0.1 గ్రాము చూపే తూకం, బాస్కెట్‌కు సరిగ్గా కూర్చునే ట్యాంపర్ కొనాలి. మెషీన్‌తో ఇచ్చే ప్లాస్టిక్ ట్యాంపర్ చాలాసార్లు వదులుగా ఉండి అంచున పొడి నొక్కుకోదు, నీళ్లు అటే జారతాయి.

ఇంటికి వచ్చిన రోజు

ట్యాంక్ నింపి, మీట వేసి, వెంటనే పంపు ఆడించి గ్రూప్ నుంచీ ఆవిరి గొట్టం నుంచీ నీళ్లు వచ్చేలా చేయండి. ఖాళీ బాయిలర్‌లో హీటర్ వేడెక్కితే కాలిపోతుంది, కొత్త మెషీన్లు ఈ తప్పుతో పోతుంటాయి. తర్వాత పూర్తిగా వేడెక్కనిచ్చి రెండు ట్యాంకుల నీళ్లు ఊరికే వదిలేయండి, తయారీ నూనె వాసన పోతుంది.

గింజల ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉండాలి. వేయించి వారం నుంచి నాలుగు వారాల మధ్య ఉన్నవి తీసుకోండి. మొదటి వారానికి మీడియం డార్క్ గింజలు తేలిక. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా లేతగా వేయించినది అయితే చెయ్యి తిరిగాక మొదలుపెట్టండి, అందులో పులుపు ఎక్కువ, దించడం కష్టం.

18 గ్రాములు వేసి, సమంగా పరిచి, గట్టిగా నిటారుగా నొక్కి, కప్పు కింద తూకం పెట్టి 36 గ్రాములు వచ్చేదాకా సెకన్లు లెక్కపెట్టండి. బాస్కెట్ చిన్నదైతే 14 గ్రాములకు 28 అనుకోండి. 20 సెకన్ల లోపు వస్తే మరింత మెత్తగా, 40 దాటితే కాస్త బరకగా ఆడించండి. పొడి తూకం, నొక్కే బలం మార్చకండి, ఒక్క గ్రైండరే తిప్పండి. ఐదారు షాట్లు పారబోయాల్సి రావచ్చు. నొక్కులు ఎంత తిప్పినా 15 సెకన్లు దాటకపోతే గ్రైండర్ చాలదన్నమాట. సమయం సరిగ్గా ఉన్నా పుల్లగా ఉంటే పోర్టాఫిల్టర్ వేడెక్కలేదన్నమాట. ధార ఒక పక్కకే తెల్లబడి చిమ్ముతుంటే పొడి ఉండలు కట్టింది, సన్నటి సూదితో అడుగుదాకా కలిపి మళ్లీ నొక్కండి.

పాలకు ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి ప్యాకెట్ పాలు నేరుగా వాడండి, పాశ్చరైజ్ చేసినవే కాబట్టి ముందు కాచనక్కర్లేదు. కాచిన పాలే ఉంటే చల్లార్చి మీగడ వడకట్టాలి, లేకపోతే ఆవిరి గొట్టం రంధ్రం పూడుకుంటుంది. ఆవిరి తెరిచేముందు గొట్టంలో నిలిచిన నీళ్లు బయటికి వదలండి. మొదటి కొన్ని సెకన్లు గొట్టం మొన పాల పైపొరకు తగులుతూ చిరుచిరు చప్పుడు రావాలి, తర్వాత మొనను కాస్త ముంచి పాలు సుడి తిరిగేలా పట్టుకోవాలి. 60, 65 డిగ్రీల దగ్గర, అంటే పాత్ర మీద చెయ్యి ఆన్చి ఉంచలేనప్పుడు ఆపేయండి. 70 దాటితే నురగ విరుగుతుంది, తియ్యదనం పోతుంది. ఆపిన మరుక్షణమే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలండి. పాలు గొట్టంలోకి వెనక్కి పీల్చుకుపోయి ఎండితే ఆ తర్వాత తీయడానికి సూది పట్టుకు కూర్చోవాలి.